చెల్లెలి బాకా

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా వంటింట్లో కూర్చుని పార్షే చేపలు శుభ్రం చేస్తున్నాను. కలకత్తాలో, బెహలా పేటలో నాకున్నది రెండు గదుల ఫ్లాటు. మా ఆయన పోయాక ఒక గది స్రవంతి అనే అమ్మాయికి అద్దెకిచ్చాను. స్రవంతిది వరంగల్, సాల్ట్‌లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఆదివారం వచ్చిందంటే వారానికి సరిపడా బట్టలు ముందేసుకుని ఇస్త్రీ చేస్తూ, పిడికెడంత స్పీకరు పక్కన పెట్టుకుని పాటలు వింటుంది. ఆవేళ వింటున్నది మాత్రం నాకు వింతగా తోచింది. డ్రమ్ములు ఒకచోట బయల్దేరి గుండ్రంగా తిరిగి మళ్ళీ అక్కడికే వస్తున్నాయి. గిటారు ఒకే చిన్న ముక్కని విసుగూ విరామం లేకుండా పలుకుతోంది. ఇప్పుడు ఎవరో గొంతెత్తుతారు, ఇప్పుడు ఎత్తుతారు అని నేను చూస్తున్నాను. ఎవరూ ఎత్తడం లేదు.

“దీనికి పాడేవాళ్ళు లేరా అమ్మా?” అని కేకేశాను.

“లేరాంటీ. ఉత్త మ్యూజిక్కే. ఆఫ్రోబీట్ అంటరు, ఆఫ్రికాల పుట్టింది. వీళ్ళేమో ఈ కలకత్తా పిల్లలే. కొత్త ఆల్బమ్, మొన్ననే వచ్చింది. మస్తుంది కదా!”

బాగుందో లేదో చెప్పేలోపు ట్రంపెట్ అందుకుంది. అందుకునే ముందు, పై స్వరానికి వెళ్ళబోతూ, వాయించే మనిషి పెదవి ఓరగా ఊపిరి లాక్కున్న చప్పుడు వినిపించింది. చిన్న ఈల లాంటి చప్పుడు. తెలియనివాళ్ళు స్పీకరులో ఏదో దుమ్ము పడిందనుకుంటారు. నా చేతిలో చేప అలాగే ఉండిపోయింది. ఆ చప్పుడు మానమని మా అయ్య ఏళ్ళ తరబడి తిట్టాడు. అయ్య పోయేదాకా తిట్టినా అది మానలేదు. అలా ఊపిరి తీసే మనిషి నాకు తెలిసి ఈ భూమ్మీద ఒక్కతే. ఆమె మా చెల్లెలు కరుణ.

చేతులు కడుక్కోకుండానే వెళ్ళి ఫోటో చూపించమన్నాను. స్రవంతి ఫోను నా ముందు పెట్టింది. ఏవో పాత గోదాముల ముందు గడ్డాల కుర్రాళ్ళూ, జుట్టు కత్తిరించుకున్న ఒక అమ్మాయీ నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య కర్రపెట్టె మీద, తెల్ల జుట్టు ముడేసుకుని, నేత చీర కట్టుకుని, ఒళ్ళో ట్రంపెట్ పెట్టుకుని మా కరుణ కూర్చుని ఉంది. హుగ్లీకి అవతల టికియాపారాలో, రైల్వే మొగుడి పెన్షన్ మీద, మనవలకి ముక్కు తుడుచుకుంటూ బతుకుతోందని నేననుకుంటున్న నా చెల్లెలు. వెనకటి వారమే ఫోనులో మాట్లాడాం. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడింది, ఉల్లిపాయల ధర గురించి మాట్లాడింది. ఇది మాత్రం చెప్పలేదు.

నాకు కుళ్ళు పుట్టింది. అసూయ అని రాస్తే కొంచెం మర్యాదగా ఉంటుందేమో గానీ, అది పుట్టినప్పుడు మర్యాదగా పుట్టలేదు. గొంతులో పులుపులా వచ్చింది. “ఎవరాంటీ, తెలుసా మీకు?” అని స్రవంతి అడిగితే, “తెలిసినావిడే” అని మళ్ళీ చేపల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే, నా మనసు చిన్నప్పటి వాట్‌గంజ్ వెళ్ళిపోయింది.

వాట్‌గంజ్‌లో మాది రేవుకి ఆనుకుని ఉన్న సందులో మేడమీద ఇల్లు. శ్రీకాకుళం నుంచీ భీమిలి నుంచీ వచ్చి రేవులో పనికి కుదిరిన కుటుంబాలు ఆ మేడ నిండా ఉండేవి. కింద వేయించిన శనగల పిండి అమ్మే బీహారు వాళ్ళ సత్తు దుకాణం, ఎదురుగా బెంగాలీల మిఠాయి కొట్టు. మా ఇంట్లో మూడు వాసనలు ఎప్పుడూ కలిసే ఉండేవి: అయ్య ఒంటి మీది గ్రీజు, అటక మీది ఎండు రొయ్యలు, అమ్మ ఉబ్బసానికి కాల్చుకునే ఏదో ఆకు పొగ. అయ్య రేవులో క్రేను నడిపేవాడు. పగలంతా ఆకాశంలో ఒక ఇనప గూట్లో ఒంటరిగా కూర్చుని వచ్చేవాడు కాబట్టో ఏమో, సాయంత్రం కిందికి దిగాక అతనికి జనం కావాలి, చప్పుడు కావాలి. మా తెలుగు చర్చిలో బ్యాండు నడిపింది అతనే. క్రిస్మసుకీ ఈస్టరుకీ ఊరేగింపు ముందు ట్రంపెట్ ఊదుతూ నడిచేవాడు. ఇంటికొచ్చాక దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి, గోరువెచ్చని నీళ్ళలో కడిగి, పైన చింతపండుతో తోమి, మీటల్లో ఒక్కొక్క చుక్క కుట్టుమిషను నూనె వేసేవాడు. చంటిపిల్లకి స్నానం చేయించినట్టే ఉండేది. అమ్మ దాన్ని ట్రంపెట్ అనేది కాదు, బాకా అనేది. “మీ అయ్యకి నానూ ఆ బాకా సవతులం” అని దగ్గుల మధ్య నవ్వేది.

అయ్యకి కొడుకుల్లేరు. ఒకరోజు నన్ను ముందు కూర్చోబెట్టుకుని ట్రంపెట్ చేతికిచ్చాడు. “ఊదకు. ముందు పెదాలు బిగించి, ఈగని తోల్నట్టు అను” అన్నాడు. అన్నాను. మూడో నాలుగో సారికి గదంతా మోగింది. కింద సత్తు దుకాణం వాడు తలెత్తి చూశాడు. అయ్య ముఖం నాకిప్పటికీ కనిపిస్తుంది. అంత సంతోషం ఆ ముఖాన నేను తెచ్చిన సందర్భం మళ్ళీ ఇంకొకటి లేదు. ఒక వర్షాకాలమంతా నేర్పాడు. ఇత్తడి రుచి పెదాలకి అంటుకుని, అన్నం తింటున్నా అదే రుచిగా ఉండేది. చర్చిలో పెద్దలు ఆడపిల్లకేం బాకా అని గొణిగితే, “ఊదీది ఊపిరితో గదా, మీసాల్తో కాదు గదా” అని అయ్య తోసిపుచ్చాడు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆడపిల్లనని నా చేతిలోంచి ఎవరూ దాన్ని లాక్కోలేదు. అలా లాక్కుని ఉంటే తిట్టుకోవడానికి ఎవరో ఒకరు దొరికేవారు.

ఆ చలికాలం అమ్మ మంచం పట్టింది. పొగ దగ్గర కూర్చోకూడదన్నారు. ఎవరూ ఏమీ అనకుండానే పొయ్యి నాదయింది. తెల్లారి బొగ్గుల కుంపటి వెలిగించడం, అయ్యకి చద్దిమూట కట్టడం, కొళాయి దగ్గర వంతు కోసం నిలబడడం, చేపలు, గిన్నెలు, అమ్మకి వేణ్ణీళ్ళు. సాయంత్రం అయ్య ట్రంపెట్ విప్పదీసే వేళకి నా చేతులకి పసుపో మసో ఉండేది. ఒకరోజు, రెండ్రోజులు నాకోసం ఆగాడు. తర్వాత ఒక సాయంత్రం గుమ్మం దగ్గర ఆడుకుంటున్న కరుణని పిలిచి, దాని చేతికిచ్చాడు. మా ఇంట్లో నా గౌన్లన్నీ కరుణకి వెళ్ళేవి, నా పుస్తకాలు వెళ్ళేవి, నా చెప్పులు వెళ్ళేవి. ట్రంపెట్ కూడా అలాగే వెళ్ళింది. కాకపోతే గౌన్లు నాకు పొట్టి అయ్యాక వెళ్ళాయి. ట్రంపెట్ నాకింకా సరిపోతూనే ఉంది.

ఆ తర్వాత కరుణ చదువంతా నేను గోడ ఇవతల నుంచి విన్నాను. అది ఎక్కడ తడబడేదో, ఏ స్వరం దగ్గర గాలి తోడేదో, అయ్య ఎక్కడ స్కేలుతో బల్లమీద కొట్టేవాడో అన్నీ నాకు తెలుసు. ఆ రోజుల్లోనే ఒక రికార్డు మా ఇంటికొచ్చింది. రేవు పక్కన ఓడల వాళ్ళు బస చేయడానికి చర్చి మిషన్ వాళ్ళ ఇల్లు ఒకటి ఉండేది. పండగలకి అయ్య బ్యాండు అక్కడికి వెళ్ళి వాయించేది. ఆఫ్రికాలోని లాగోస్ నుంచి వచ్చిన ఒక ఓడలో వంటవాడు అయ్య వాయించింది విని ముచ్చటపడి, తన దగ్గరున్న రికార్డు ఒకటి ఇచ్చి వెళ్ళాడు. రేవులో ఎవరో అమ్ముకున్న పాత గ్రామఫోను మాకుండేది. దానిమీద పెడితే మా ఇంట్లో అంతవరకూ ఎవరూ వినని చప్పుడు బయల్దేరింది. డ్రమ్ములు తిరుగుతూనే ఉన్నాయి, బాకాలు గుంపుగా వచ్చి ఒక మాట అనేసి పోతున్నాయి, పాట ఎంతకీ అయిపోదు.

“ఇదేటిది, మొదలు లేదు తుది లేదు! కీర్తనంటే నాలుగు సరణాలుండాల గదా” అని అయ్య బుర్ర గోక్కున్నాడు. కానీ రికార్డు తీసెయ్యలేదు. కరుణకి మాత్రం పిచ్చి పట్టుకుంది. రోజూ దాన్ని పెట్టుకుని దాంతోపాటు ఊదేది. నేను వంటింట్లో చిన్న ఇనప రోట్లో ఎండుమిరపకాయలు దంచేదాన్ని. దంచుతుంటే నా రోకలి తెలియకుండానే ఆ డ్రమ్ముల సందులో పడేది. పడ్డాక నా గొంతులోంచి ఒక కూనిరాగం వచ్చేది. అది రికార్డులో లేదు, కీర్తనల్లో లేదు. రోకలి లేస్తే పైకి, పడితే కిందికి, చివర్న కారం ఘాటుకి ఆగి, మళ్ళీ మొదలు. ఒకనాడు అలా దంచుతూ అదే లోకంలో ఉంటే గోడ అవతలి నుంచి అయ్య అరిచాడు, “సువార్తా! ఆ సప్పుడాపు! పిల్ల వాయిస్తంది, ఇనపడ్డం లేదేటి?”

ఆపాను. ఆ మాట అయ్యకి గుర్తుండి ఉండదు. నాకు మాత్రం చెవిలోనే ఉండిపోయింది. ఆ క్రిస్మసుకి తెల్ల గౌను వేసుకుని కరుణ ఊరేగింపు ముందు నడిచింది. మిఠాయి కొట్టు దాదా కొట్టు వదిలి రోడ్డు మీదికి వచ్చి చప్పట్లు కొట్టాడు. నేను అమ్మ పక్కన కిటికీ దగ్గర నిలబడి చూశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, “నువ్వైతే ఇంకా బాగా ఊదీదానివే” అంది. ఓదార్చడానికే అంది పాపం. ఆ మాట ఎన్నాళ్ళు నన్ను తిన్నదో ఆమెకి తెలియదు. అమ్మ పోయింది, తర్వాత అయ్య పోయాడు. ట్రంపెట్‌ని కరుణ తన పెళ్ళి పెట్టెలో పెట్టుకుని టికియాపారా వెళ్ళింది. నేను పోర్టు ఆఫీసులో ఉద్యోగం చేశాను, కథలు రాసుకున్నాను, పత్రికల్లో నా పేరు చూసుకున్నాను. ఇవన్నీ చాలనుకున్నాను. స్రవంతి స్పీకరులో ఆ ఊపిరి చప్పుడు వినేవరకూ చాలనే అనుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ స్రవంతిని చూసినా నాకు కొంచెం కుళ్ళే. దానికి పొయ్యి వెలిగించడం రాదు. ఆకలేస్తే ఫోను నొక్కుతుంది, ఎవడో అన్నం తెచ్చి గుమ్మంలో పెడతాడు. వాళ్ళమ్మకి ఒంట్లో బాగోకపోతే ఇక్కణ్ణుంచే డాక్టరుతో మాట్లాడి, డబ్బు పంపి, మళ్ళీ తన గదిలోకి వెళ్ళి తన పాటలు తను వింటుంది. దాని గదికి తలుపుంది. మా వాట్‌గంజ్ ఇంట్లో నాకు గోడే ఉండేది, తలుపు ఉండేది కాదు. ఇప్పటి పిల్లలు సుఖపడిపోతున్నారని తిట్టే ముసలమ్మల్లో నేను లేను. వాళ్ళు సుఖపడాల్సిందే. కానీ ఆ తలుపు వేసుకున్న చప్పుడు విన్నప్పుడల్లా, నాకెందుకు లేదా అనిపిస్తుంది.

చేపలు పులుసులో పడ్డాక స్రవంతి మళ్ళీ వచ్చింది. “ఆంటీ, ఈ ట్రాక్ వినుండ్రి. అందరూ దీని గురించే రాస్తున్నరు. పేరు ‘అప్ప’. వాళ్ళ నాన్న మీద చేసినట్టున్నరు.”

నాన్న కాదు. మా వైపు అప్ప అంటే అక్క. కరుణ నన్ను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలాగే పిలుస్తుంది. పాట మొదలయింది. ముందు ఇనప చప్పుడు. ఆ తర్వాత డ్రమ్ములు. ఆ తర్వాత ట్రంపెట్, లేస్తే పైకి, పడితే కిందికి, చివర్న ఘాటుకి ఆగినట్టు ఆగి, మళ్ళీ మొదలు. అది నా కూనిరాగం. నేను మర్చిపోయి ఎన్నేళ్ళయిందో, అది నాకే కొత్తగా వినిపించింది. ఎవరైనా నా స్థానంలో ఉంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారేమో. నాకు మండుకొచ్చింది. గౌను పోయింది, చెప్పులు పోయాయి, ట్రంపెట్ పోయింది. నా దగ్గర మిగిలిన ఆ కాస్త రాగమూ అదే తీసుకుంది!

మర్నాడు బస్సు పట్టుకుని టికియాపారా వెళ్ళాను. కరుణ వసారాలో కూర్చుని మునక్కాడలు చీలుస్తోంది. నన్ను చూడగానే లేవబోయి, నా ముఖం చూసి మళ్ళీ కూర్చుంది.

“ఇన్నావా అప్పా?” అంది మెల్లిగా.

“ఇన్నాను. ఊరంతా ఇన్నాక ఇన్నాను. మా ఇంట్లో అద్దెకున్న పిల్ల ఇనిపిస్తే ఇన్నాను. నాకు సెప్పడానికి నీకు నోరు రానేదేటి?”

కరుణ మునక్కాడలు పక్కన పెట్టింది. ఆ కుర్రాళ్ళు ఎలా పరిచయమయ్యారో తనే చెప్పుకొచ్చింది. వాళ్ళలో జుట్టు కత్తిరించుకున్న అమ్మాయి టికియాపారా పిల్లేనట, చిన్నప్పుడు కరుణ దగ్గరే బాకా నేర్చుకుందట. ఆఫ్రికా తాళాల్లో వాయించే మనిషి కావాలని ఆ పిల్ల మిత్రులు వెతుకుతుంటే, మా కాకీమా, అంటే మా పిన్ని, వాయిస్తుందని తీసుకెళ్ళిందట. వాళ్ళు నవ్వుతారనుకుంటే, కరుణ ఊదిన మొదటి ముక్కకే వాయిద్యాలు కింద పెట్టేసి విన్నారట. ఇదంతా చెబుతుంటే దాని ముఖం వెలుగుతోంది. ఆ వెలుగు చూస్తుంటే నాకు పక్కనున్న చెంబు విసిరెయ్యాలనిపించింది.

“ఆ పాట నాది” అన్నాను.

“నీదే. అందుకే గదా నీ పేరెట్టాను.”

“నా పేరెడితే సరిపోద్దేటి? నన్నడిగావా?”

“అడిగితే నువ్వొద్దందువు.”

“అందును.”

పట్టాల మీద ఏదో బండి వెళ్ళింది. అది వెళ్ళిపోయేదాకా ఆగి నేను అన్నాను, “నాకు వాయించాలనుండీదే కరుణా.” ఇన్నేళ్ళలో ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో కూడా అనలేదు.

“నాకు తెల్సు” అంది కరుణ. “సిన్నప్పట్నించీ తెల్సు. నాను ఊదీటప్పుడల్లా గోడవతల నీ గిన్నెల సప్పుడు మారిపోయీది. ఆల్బమ్ సంగతి సెప్దామని ఎన్నిసార్లు ఫోన్ సేసానో, నీ గొంతు ఇనీసరికి ఉల్లిపాయల కాడికెల్లిపోయీదాన్ని.” తల వంచుకుంది. “అయ్య నా సేతికిచ్చిననాడు, అప్ప ఊదతాది గదా, నాకొద్దు అనాల్సింది నాను. అన్నేదు. నాకూ కావాలనిపించింది అప్పా. ఎంత కావాలనిపించిందో సెప్పలేను.”

క్షమించాననడానికి అదేం నేరం చేసింది? చిన్నపిల్ల, చేతికిస్తే పట్టుకుంది. తప్పు ఎక్కడా దొరకని చోట కోపం నిలవడం కష్టం. అయినా కొంచెం నిలిచింది. మునక్కాడల కూరతో అన్నం తిని, చారులో ఉప్పెక్కువైందని చెప్పి, ఇంటికి వచ్చేశాను. నిజానికి ఉప్పు సరిపోయింది.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం సాయంత్రం ఒక హాలులో వాళ్ళ కచేరీ పెట్టారు. స్రవంతి నన్ను లాక్కెళ్ళింది. కుర్చీలు కొన్నే ఉన్నాయి, పిల్లలంతా నిలబడే ఉన్నారు. వాయిద్యాలు మొదలుకాగానే నిలబడ్డవాళ్ళు ఊగడం మొదలెట్టారు, స్రవంతి కూడా ఆ గుంపులో కలిసిపోయింది. పక్కనున్న అమ్మాయి నన్ను చూసి, మీరు కొరుణాదికి దీదీయా, అంటే మా కరుణకి అక్కా అని, బెంగాలీలో అడిగింది. ఆవిడ నాకు చెల్లెలు అన్నాను. రెండూ ఒకటే కదా అన్నట్టు నవ్వింది. ఒకటి కాదని ఆ సంగీతంలో గొంతు చించుకుని చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. వేదిక మీద కరుణ కుర్చీలో కూర్చుని, చెంగు దోపుకుని, కళ్ళు మూసుకుని ఊదుతోంది. బాగా ఊదుతోంది. ఇంత బాగా నేను ఊదగలిగేదాన్నా అని నన్ను నేను ప్రశ్నించుకుని, లేదేమో అని మొదటిసారి అనుకున్నాను. అమ్మ మాట అబద్ధమైతే నాకు బాధగా ఉండాలి. ఎందుకో ఒళ్ళు తేలికయింది.

‘అప్ప’ మొదలయ్యాక, రెండోసారి పైకి లేచే దగ్గర, కరుణ ఒక అర తాళం ఆలస్యంగా అందుకుంది. వెంటనే సర్దుకుంది. హాలులో ఒక్కరికీ తెలియలేదు, అందరూ ఊగుతూనే ఉన్నారు. నాకు తెలిసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా మనసు పండగ చేసుకుంది.

కచేరీ అయ్యాక స్రవంతి స్నేహితులతో తినడానికి వెళ్ళింది. కరుణని టికియాపారాలో దింపి వస్తానని నేను టాక్సీ ఎక్కాను. ఒళ్ళో ట్రంపెట్ పెట్టె పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ కూర్చుంది. ఊరు దాటేదాకా నేనేమంటానో అని చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. ఇక ఆగలేక అడిగింది, “ఎలగుంది అప్పా?”

“ఒక్కకాడ తప్పీసావు.”

“ఓలమ్మో! కనిపెట్టీసావా?” అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. “ఆ కుర్రోలికీ తెల్లేదు. నువ్వొచ్చావని ఆ గాబరాకే తప్పింది. అక్కడ నాకెప్పుడూ కుదరదు. రోకలి పడ్డాక ఎంతసేపు ఆగీదానివో గుర్తు రాదు.”

“అంతసేపు ఆగకూడదు.”

“మరెంతసేపు? ఓసారి అనీ.”

టాక్సీవాడు అద్దంలోంచి చూస్తున్నాడు. నాకు సిగ్గేసింది. “ఇంటికెల్లాక సెప్తాను” అన్నాను. “ఇప్పుడే అనీ అప్పా, మళ్ళీ మర్సిపోతాను” అని నా ముంజేయి పట్టుకుంది. బండి వంతెన ఎక్కింది. కింద నది, రేవు దీపాలు. నేను ట్రంపెట్ పెట్టె మూత మీద వేళ్ళతో తాళం వేస్తూ కూనిరాగం తీశాను. గొంతు బొంగురుగా వచ్చింది, మొదట్లో ఒకచోట విరిగింది కూడా. కరుణ నవ్వలేదు. చెవి నా వైపు వంచి, పెదాలు బిగబట్టి, చిన్నపిల్లలా వింటోంది. ఆగాల్సిన చోట ఆగాను. కరుణ రాగం అందుకోబోయింది.

“ఉండు, ఇంకా అవ్వలేదు” అన్నాను. ఆగింది.